తరగతి గదిలో తలకిందుల లోకం

ప్రశ్న: ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి మా బడిలో తరగతికో గది ఇస్తున్నారు. చార్టులు, థర్మాకోల్ నమూనాలు, దెయ్యాల గది ఏటా చూసేవే. తొమ్మిదో తరగతి పిల్లలతో తక్కువ ఖర్చులో కొత్తగా ఏం చేయించవచ్చు? – ఒక ఉపాధ్యాయిని, అన్నమయ్య జిల్లా

జవాబు: గదినే కెమెరాగా మార్చేయండి. హంపి విరూపాక్షాలయంలో చీకటి గది గోడ మీద గోపురం తలకిందులుగా పడుతుంది కదా, అదే సూత్రం. వెలుతురు ఒక్క చిన్న కంతలోంచే లోపలికి వస్తే, పైనుంచి వచ్చే కిరణం కిందికీ, కిందినుంచి వచ్చేది పైకీ పోయి ఎదుట బొమ్మ కడుతుంది.

ఉత్త కంతతో బొమ్మ మరీ మసక. జనానికి చూపించాలంటే లెన్సు కావాలి. ల్యాబులోని భూతద్దంతో అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మే వస్తుంది. కళ్లద్దాల దుకాణంలో ప్లస్ 0.50 పవర్ లెన్సు, ఫ్రేముకు కోయకముందు గుండ్రంగా ఉండేది అడగండి. దాని నాభ్యంతరం, అంటే చాలా దూరంలో ఉన్న వస్తువు బొమ్మ లెన్సుకు ఎంత దూరాన పడుతుందో ఆ దూరం, 2 మీటర్లు. అట్టకు 4 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి, దాని వెనక లెన్సు అతికించి, కిటికీలో నేలకు 1.3 మీటర్ల ఎత్తున బిగించండి. రంధ్రం ఇంకా పెద్దదైతే వెలుగు పెరుగుతుంది కానీ బొమ్మ అంచులు చెదిరిపోతాయి.

ఉత్తరపు కిటికీ ఎంచుకోండి. ఫిబ్రవరి చివర మన ప్రాంతంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఎండ నేరుగా లెన్సులో పడదు, బయట నిలబడ్డవాళ్ల ముఖాల మీద మాత్రం బాగా పడుతుంది. ఉత్తరాన కిటికీ లేకపోతే పొద్దున పడమటిది, మధ్యాహ్నం తర్వాత తూర్పుది వాడండి. లెన్సులోంచి సూర్యుణ్ని ఎవరూ చూడకూడదు. ఈ మాట పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి.

తెర ఎక్కడ పెట్టాలన్నది పదో తరగతి లెన్సు సూత్రమే చెబుతుంది. బయట 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషి స్పష్టంగా కనబడాలంటే తెర లెన్సుకు 2.5 మీటర్ల దూరంలో ఉండాలి. 20 మీటర్లయితే 2.2 మీటర్లు. పది మీటర్ల దూరాన 160 సెంటీమీటర్ల మనిషి తెర మీద 40 సెంటీమీటర్ల ఎత్తున, రంగుల్లో, కదులుతూ కనిపిస్తాడు. అందుకే ఆ దూరంలో సున్నంతో గీత గీసి, ఎర్ర, పసుపు బట్టలు వేసుకున్న పిల్లల చేత కోలాటం ఆడించండి. చెట్లూ గోడలూ ఎంతసేపు చూస్తారు? కదలిక ఉంటేనే జనం కేకలు వేస్తారు.

దుప్పటి తెరగా పనికిరాదు, ముడతలు పడుతుంది, వెలుగు అవతలికి జారిపోతుంది. అట్ట మీద తెల్ల డ్రాయింగ్ షీట్లు అతికించి, ముందుకూ వెనక్కూ జరపగలిగేలా రెండు బెంచీలకు ఆనించండి. చూసేవాళ్లకు చేతి అద్దాలు ఇవ్వండి. అద్దాన్ని కళ్ల కింద బల్లపరుపుగా పట్టుకుని అందులో తెరను చూస్తే లోకం నిటారుగా నిలబడుతుంది. బయట ఎవరైనా బడి పేరు రాసిన బోర్డు పట్టుకుంటే ఆ అక్షరాలు కూడా అద్దంలో సరిగ్గా చదవవచ్చు. ఆ క్షణం పిల్లల ముఖాలు చూడాలి మీరు!

ప్రశ్న: మేం కిటికీలన్నీ మూసి ఇలాంటిదే ప్రయత్నించాం. తెర మీద మసక వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. ఎందుకు? – పదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: చాలావరకు తప్పు లెన్సుది కాదు, దొంగ వెలుతురుది. పైనున్న వెంటిలేటర్లు, తలుపు కింది సందు అందరూ మరిచిపోయేవి. లెన్సును అట్టతో మూసి, గదిలో ఐదు నిమిషాలు కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటయ్యాక ఎక్కడెక్కడ మెరుస్తోందో అదే తెలుస్తుంది. నల్ల పాలిథిన్ షీటు రెండు పొరలుగా వేయండి. టేపు సున్నం గోడకు పట్టదు, పొడితో సహా ఊడివస్తుంది. కిటికీ ఊచలకు తాడుతో కట్టండి. తలుపు దగ్గర మీటరు ఎడంగా రెండు పరదాలు వేలాడదీస్తే, ఒకటి తీసేలోగా రెండోది మూసుకుంటుంది.

రెండో కారణం తొందర. ఎండలోంచి వచ్చినవాళ్లకు వెంటనే ఏమీ కనబడదు. తర్వాతి జట్టును వరండాలో పరదా కట్టిన నీడలో కూర్చోబెట్టండి. జట్టుకు 15 మంది, 8 నిమిషాలు చొప్పున పెట్టుకుంటే మూడు గంటల్లో 300 మంది హాయిగా చూస్తారు. అంతకన్నా ఎక్కువమందిని లోపల కుక్కకండి, మూసిన గదిలో ఉక్కపోత త్వరగా పెరుగుతుంది. జట్టుకూ జట్టుకూ మధ్య తలుపు బార్లా తెరవండి. రెండో తలుపు ఉంటే గడియ వేయవద్దు. కొవ్వొత్తులు గదిలోకి రానే కూడదు.

ప్రశ్న: మా వార్షికోత్సవం సాయంత్రం ఆరింటికి. అప్పుడేం చేయాలి? – ఒక ప్రధానోపాధ్యాయుడు, అనకాపల్లి

జవాబు: ఎండ లేకపోతే పై ఏర్పాటు పనిచేయదు. దాని బదులు రంగు నీడల గది పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీ బల్బులు 30 సెంటీమీటర్ల ఎడంతో వరసగా బిగించి, 3 మీటర్ల దూరంలో తెల్ల తెర కట్టండి. మూడూ కలిసి తెర దాదాపు తెల్లగా కనబడాలి. ఆకుపచ్చగానో నీలంగానో కొడుతుంటే ఆ రంగు బల్బును వెనక్కి జరపండి. తెరకు అర మీటరు దూరంలో పిల్లవాడు చేయి చాపితే మూడు నీడలు ఒకదాని మీద ఒకటి పడి అంచుల్లో మాత్రమే రంగులు మెరుస్తాయి. మీటరున్నర దూరానికి వస్తే నీడలు 30 సెంటీమీటర్ల చొప్పున విడిపోతాయి: ఎర్ర బల్బును అడ్డుకున్న నీడ ఆకాశ నీలం, ఆకుపచ్చను అడ్డుకున్నది మెజెంటా (ముదురు గులాబీ), నీలాన్ని అడ్డుకున్నది పసుపు. నేల మీద ఆ రెండు దూరాలకూ సుద్దతో గీతలు గీసి ఉంచండి. చెప్పకుండానే పిల్లలు ముందుకూ వెనక్కూ జరిగి చూసుకుంటారు.