గుణుపురం అల్లుడికి గింజ ఎర గురించి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మూడు ఆదివారాలు గట్టున కూర్చున్నా అరచేయంత పిల్లలు తప్ప ఏమీ పడలేదని రాశావు. ఏ ఎర పెట్టావో కూడా రాయడం మంచిదైంది. వానపాము వాసనకు ముందుగా ఎగబడేవి చిన్న చేపలే. పెద్దది అటు తిరిగేలోగా నీ కొక్కెం ఖాళీ అయిపోతుంది. ఉడికిన మొక్కజొన్న గింజ చిన్నవాటి నోట పట్టదు. పొడిచి పొడిచి విసిగిపోతాయి.

పొట్లాల్లో అమ్మే సువాసన పొడుల మీద డబ్బు పోయవద్దు. నువ్వు కూర్చున్న చెరువులోని చేపలు ఎక్కడివో ఆలోచించు. ఏటికి ఎదురీది వచ్చినవి కావు, హేచరీలో, అంటే చేప గుడ్లు పొదిగించే కేంద్రంలో, పుట్టిన పిల్లలను ఎవరో తెచ్చి వదిలారు. 1957 జూలై 10న మన ఒడిశాలోనే, అంగుల్‌లో, హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఎర్రమోసు, రోహు వంటి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా ఆ తేదీనే జాతీయ చేప రైతుల దినంగా జరుపుతున్నారు. అంతకు ముందు పిల్ల కావాలంటే చాలావరకు వరద రోజుల్లో ఏటిలో పట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు చెరువు చేప అంటే చాలావరకు తవుడు, వేరుశనగ చెక్క (నూనె తీసిన పిప్పి) తిని పెరిగిన చేప. చిన్నప్పటి నుంచి ఎరిగిన తిండి కాదని కొత్త వాసనకు ఎందుకు వస్తుంది? అక్కడి దుకాణంలో తవుడును కుండా అని, చెక్కను పిడియా అని అడుగు, ఇస్తారు. పనిలో పనిగా చేపల్లో బొచ్చెను ఒడియాలో భాకురా అనీ, ఎర్రమోసును మిరికాళి అనీ అంటారని గుర్తుంచుకో. గట్టు మీద వాళ్లు మాట్లాడుకునేది నీకు అర్థం కావాలి కదా.

గింజ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. కొండల నుంచి సంతకు వచ్చే ఎండు మొక్కజొన్న కొను. ఒక రోజంతా నానబెట్టు. తర్వాత సన్నటి మంట మీద ముప్పావు గంట ఉడికించు, గోటితో నొక్కితే దిగాలి, గింజ మాత్రం చితకకూడదు. దించాక నీళ్లు పారబోయవద్దు. అసలు బలం ఆ నీళ్లలోనే ఉంది. చిన్న బెల్లం ముక్క వేసి, గింజలు మునిగేలా ఆ నీళ్లలోనే మరో రోజు ఉంచు. నీళ్లు చిక్కబడి, జిగురు తేలి, పుల్లటి వాసన వస్తుంది. ఎండాకాలంలో ఒక రోజు చాలు, చలికాలంలో రెండు మూడు పడుతుంది. పులుపు వాసన మంచిదే, కుళ్లు వాసన వస్తే పారబోయి. గోధుమలైతే ఒక పూట నానితే సరిపోతుంది. ఉడకని గింజ మాత్రం నీళ్లలో వేయవద్దు. చేప కడుపులోకి వెళ్లాక ఉబ్బుతుంది, అది చేపకూ మంచిది కాదు, నీకూ కాదు.

పులియబెట్టే డబ్బాకు మూత బిగించవద్దు. ఒక వేసవిలో నేను బిర్రుగా మూసి వరండాలో పెట్టి పెళ్లికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మూత ఒక మూల, డబ్బా ఒక మూల, గింజలు గోడ నిండా. మీ అత్తయ్య ఆ కంపును ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక చేపలను పిలవడానికి నీళ్లలో వేసే ముద్ద. తవుడు రెండు పాళ్లు, చెక్క పొడి ఒక పాలు తీసుకో. తవుడును పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. చెక్క బూజు పట్టి ఉంటే వాడవద్దు, చేప ముట్టదు. రెండూ కలిపి, గింజలు నానిన నీళ్లతోనే తడిపి నిమ్మకాయంత ఉండలు కట్టు. ఒక ఉండను బకెట్ నీళ్లలో వేసి చూడు. పది పదిహేను నిమిషాల్లో విచ్చిపోవాలి. అంతకంటే ముందే విచ్చితే గోధుమ పిండి కాస్త చేర్చు, రాయిలా ఉంటే తవుడు పెంచు. కొక్కేనికి గుచ్చే ముద్దలో మాత్రం పిండి ఎక్కువ ఉండాలి, నీళ్లలో కనీసం ఇరవై నిమిషాలు నిలవాలి. సంతలో చోళ్లు (రాగులు) దొరికితే ఆ పిండి కూడా వేసి చూడు, నాకు ఎర్రమోసు విషయంలో బాగా పనిచేసింది.

ఈ జాతి చేపలకు జీర్ణాశయం ఉండదని నీకు తెలుసా? గొంతు దాటితే పేగే. దవడల్లో పళ్లు ఉండవు, గొంతులో ఉంటాయి, గింజను అక్కడే నలుపుతాయి. కాబట్టి కడుపు నింపుకుని పడుకునే రకం కాదు, రోజంతా కొంచెం కొంచెంగా తింటాయి. కిలోలకు కిలోలు గుమ్మరిస్తే నీ కొక్కెం ఉన్న గింజ ఏ మూలో పడి ఉంటుంది. నేను చేసేది ఇది. వేటకు ముందు మూడు రోజులు, ఒకే చోట, ఒకే వేళకు, రెండు గుప్పిళ్ల గింజలు, రెండు ఉండలు వేస్తాను. ఆ మూడు రోజులూ గాలం తీయను. నాలుగో రోజున అందులో సగమే వేసి కూర్చుంటాను. నీకు ఆఫీసు ఉంది, నిజమే. గురువారం నుంచి తెల్లవారే వెళ్లి వేసి రా, ఆదివారం అదే వేళకు కూర్చో.

నేల మీద ఉన్న గింజ బొచ్చెకు పనికిరాదు. అది పైనీళ్లలో సన్నటి తిండి వడగట్టుకునే చేప. దానికి బెండు కట్టి, మెత్తటి ముద్దను నీళ్ల మధ్యలో వేలాడదీయాలి, ముద్ద నుంచి తవుడు పొగలా రాలుతూ ఉండాలి. రోహు మధ్య నీళ్లలోది. ఎర్రమోసు, బంగారు తీగ అడుగున వెతుక్కుంటాయి, వాటికే మొక్కజొన్న. నీళ్ల మీద సన్నటి బుడగలు వరుసగా లేస్తూ కదులుతుంటే అడుగున ఏదో బురద కెలుకుతోందన్నమాట.

గింజను కొక్కేనికి నేరుగా గుచ్చవద్దు. పెద్ద చేప గింజను పీల్చి, అనుమానం వస్తే ఊదేస్తుంది. కొక్కేన్ని ఖాళీగా వదిలి, దాని వంపు నుంచి అంగుళం సన్నదారం వేలాడదీసి, ఆ దారానికి రెండు గింజలు ఎక్కించు. గింజతో పాటు కొక్కెం లోపలికి పోతుంది, ఊదేటప్పుడు పెదవికి తగులుకుంటుంది. ఇది ఇంగ్లండు వేటగాళ్ల ఉపాయం. మొదట నిజంగా మనిషి వెంట్రుకనే కట్టారు, అందుకే హెయిర్ రిగ్ అంటారు.

వానాకాలంలో మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలం వేయవద్దు. నీళ్లలో ప్రాణవాయువు తగ్గి గాలికి తేలాయి, ఆకలికి కాదు. చలికాలంలో మధ్యాహ్నం దాకా ఆగి వెళ్లు, మేత సగానికి తగ్గించు. గుడ్లతో ఉన్న తల్లి చేప పడితే వదిలేయి.

అన్నిటికంటే ముందు ఆ చెరువు వేలంలో ఎవరు పాడుకున్నారో కనుక్కుని, అనుమతి అడుగు. వాళ్లు ఏ మేత వేస్తున్నారో కూడా మాటల్లో తెలుసుకో, అది నా ఉత్తరం కంటే విలువైనది.

పడితే, ఎంత లోతులో, ఏ గింజకు, ఏ వేళకు పడిందో నాకు రాయి. బరువు సంగతి అత్తయ్యకు ఫోనులో చెప్పు, ఆవిడైతే నమ్ముతుంది.

ఇట్లు
మీ మామయ్య