లెదర్ సీటుకు కొబ్బరి నూనె పట్టించవచ్చా?

ప్రశ్న (రాజమహేంద్రవరం): కారు కొని నాలుగేళ్లయింది. గోధుమరంగు లెదర్ సీట్లు నునుపెక్కి మెరుస్తున్నాయి, తాకితే బిరుసుగా ఉన్నాయి. నెలకోసారి కొబ్బరి నూనె రాస్తే మెత్తబడతాయని మా మామయ్యగారు అంటున్నారు. రాయమంటారా?

జవాబు: వద్దండీ. కిర్రుచెప్పులకు ఆముదం పట్టించిన రోజుల నాటి సలహా అది. ఆ తోలుకు పైన పూత ఉండదు కాబట్టి నూనెను పీల్చుకునేది. కారు సీటు సంగతి వేరు. తోలును పదును చేశాక దాని మీద రంగు పూత, ఆ పైన పాలీయూరితేన్ పూత వేస్తారు. మీ వీపు, మీ చెయ్యి తగిలేది ఈ పూతకే గానీ తోలుకు కాదు. నమ్మకం కుదరకపోతే కనబడని మూల ఒక చుక్క నీళ్లు వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్క అలాగే నిలబడితే పూత ఉన్నట్టు. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పూత లేని రకం. అది ఖరీదైన కార్లలో తప్ప అరుదు.

పూత మీద రాసిన నూనె ఎక్కడికీ పోదు. దుమ్మును పట్టి ఉంచుతుంది, మీరు కూర్చుని లేచినప్పుడల్లా ఆ దుమ్ము గరుకు కాగితంలా పూతను అరగదీస్తుంది. కుట్ల రంధ్రాల్లోకి, ఇప్పటికే అరిగిన చోట్లకి మాత్రం నూనె దిగుతుంది. అక్కడ నల్ల మచ్చ కడుతుంది, ఎండకు ముక్కవాసన వేస్తుంది. రేపు రంగు వేయించాలన్నా ఆ చోట రంగు అంటదు.

అసలు మీరు చెప్పిన మెరుపే మురికి. చాలా కార్ల సీట్లు కొత్తలో మెరవవు, మసకగా ఉంటాయి. చెమట, తలనూనె, దుమ్ము కలిసి తోలు గీతల్లో పేరుకుంటే సీటు నునుపెక్కి మెరుస్తుంది. బిరుసూ చాలావరకు అందువల్లే.

ముందు మెత్తని బ్రష్ ఉన్న మూతితో వాక్యూమ్ పట్టండి. వీపు దిండు, కింది దిండు కలిసే సందును చేత్తో విడదీసి పట్టాలి, మిక్చర్ పలుకులూ ఇసుకా ఉండేది అక్కడే. తర్వాత లెదర్ క్లీనర్. అది దొరక్కపోతే లీటరు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను బేబీ షాంపూ. సీటు మీద చల్లకండి, బ్రష్ మీద వేసుకుని నురగతో మూరెడు మేర గుండ్రంగా, బరువు వేయకుండా రుద్దండి. నురగ గోధుమరంగుకు తిరగగానే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేసి, తడిపి గట్టిగా పిండిన ఇంకో గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ముగించండి. తర్వాత పక్క మూరెడు. అయిదు సీట్లకు నాలుగైదు గుడ్డలు కావాలి, ఒకే గుడ్డతో కానిస్తే మురికి ఒక సీటు నుంచి ఇంకో సీటుకు మారుతుందంతే. గాలి వచ్చే రంధ్రాల సీట్లయితే ఇంకా తక్కువ తడి చాలు. నీళ్లు రంధ్రాల్లోకి దిగితే లోపలి ఫోమ్ తొందరగా ఆరదు.

గిన్నెలు తోమే సబ్బు, వంటసోడా, స్పిరిట్, థిన్నర్, గోళ్లరంగు తుడిచే ద్రవం వాడకండి. తోలుది కొంచెం ఆమ్ల గుణం, క్షారం పడదు. చివరి మూడూ పూతనే మెత్తబరుస్తాయి. శానిటైజర్ రాసుకున్న తడి చేతులతో స్టీరింగ్ పట్టుకునేవాళ్లకు దాని తోలు ముందుగా జిగటగా మారడం అందుకే. తెల్లని మ్యాజిక్ స్పాంజీ మురికిని భలే తీస్తుంది, పూతను కూడా.

కండిషనర్ రాయాలనుంటే నీటి ఆధారిత రకం, ఒక దిండుకు రూపాయి బిళ్లంత చాలు. పది నిమిషాల తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. సీసా మీద 'మెరుపు' అని రాసి ఉంటే తీసుకోకండి. డ్రైవర్ సీటు నెలకోసారి, మిగతావి మూడు నెలలకోసారి శుభ్రం చేస్తే చాలు.

ప్రశ్న (హైదరాబాద్): మిగతా సీట్లన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. డ్రైవర్ సీటు కుడిపక్క అంచు మాత్రం రంగు పోయి పగుళ్లు తేలింది. సీటు నాసిరకమా?

జవాబు: కాదు, దిగే తీరు. మనకు స్టీరింగ్ కుడివైపు, ఎక్కడం దిగడం కుడి తలుపు నుంచి. ఎత్తయిన బండిలో దిగేటప్పుడు తొడ ఆ ఉబ్బెత్తు అంచు మీద ఒరుసుకుంటూ జారుతుంది, మొత్తం బరువు ఒక్క చోటే పడుతుంది. జీన్స్ రివెట్టు, వెనక జేబులో తాళాలు తోడైతే చెప్పనక్కర్లేదు. ఎక్కేటప్పుడు ముందు సీటు మధ్యలో కూర్చుని, ఆపైన రెండు కాళ్లూ లోపలికి తిప్పండి. దిగేటప్పుడు రెండు పాదాలూ నేల మీద ఆనాకే లేవండి. సీటును మోటారుతో జరిపే వీలుంటే దిగే ముందు వెనక్కి, కిందికి దించండి.

ఇక ఉన్న పగుళ్లు. పూత పగిలితే ఏ క్రీమూ అతికించదు. కింది తోలు చిరగనంతవరకు మరమ్మతు సాధ్యమే. కుషన్ వర్క్స్‌లో అడగాల్సినవి ఇవి: నూనె పూర్తిగా తీశారా, 600 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దారా, సాగే ఫిల్లర్‌ను పలుచగా రెండు మూడు విడతలు వేసి ప్రతిసారీ ఆరబెట్టారా, రంగును పక్క సీటు మీద కాకుండా అదే సీటులో అరగని చోట సరిచూశారా, చివర పారదర్శక పూత వేశారా. ఫిల్లర్ ఒకేసారి మందంగా నింపితే రెండు వారాల్లో అంచుల దగ్గర లేస్తుంది. క్విక్ గమ్ చుక్క అసలే వేయనివ్వకండి. అది రాయిలా గట్టిపడుతుంది, పగులు పక్కనే ఇంకో పగులు తెస్తుంది. బూటు పాలిష్ వేస్తే రంగు సీటుకు కాదు, మీ తెల్లచొక్కాకు అంటుతుంది.

ప్రశ్న (విజయవాడ): మా సీట్ల పైపొర పొలుసులుగా ఊడుతోంది. లెదర్ అలా ఊడుతుందా?

జవాబు: తోలు పగులుతుంది, పొలుసులూడదు. మీది లెదరెట్, అంటే కృత్రిమ తోలు, అయి ఉంటుంది. సీటు కింద జిప్పు తెరిచి కత్తిరించిన అంచు చూడండి. నూలు నేత కనిపిస్తే కృత్రిమం, పీచులా ఉంటే తోలు. అసలు లెదర్ అన్న కార్లలో కూడా చాలాసార్లు కూర్చునే భాగమే తోలు, పక్కలూ వెనకా రెక్సినే. కృత్రిమ తోలులో పీయూ (పాలీయూరితేన్) రకం వేడికి, తేమకు లోలోపల విచ్చిపోతుంది. ఒకసారి ఊడటం మొదలయ్యాక మందు లేదు, ఆ భాగం మార్పించడమే.

ప్రశ్న (విశాఖపట్నం): వానాకాలం నెల రోజులు కారు తీయలేదు. సీట్ల మీద తెల్లగా బూజు.

జవాబు: ఇంట్లో కాదు, బయట, మాస్కు కట్టుకుని నాలుగు తలుపులూ తెరవండి. పొడిగుడ్డతో దులిపితే బూజు గాల్లోకి లేచి పక్క సీటు మీద వాలుతుంది. కొంచెం తడి చేసిన గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డ పారేయండి. తర్వాత పైన చెప్పిన షాంపూ నీళ్లతో కడుగుడు. ఆరబెట్టేది నీడలో ఫ్యాను గాలికి. ఆ తర్వాత కాళ్ల దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడి ఉంటే సీట్లు ఎన్నిసార్లు తుడిచినా బూజు తిరిగి వస్తుంది. తలుపు రబ్బరు దగ్గరో, ఏసీ నీళ్ల గొట్టం దగ్గరో తేడా ఉన్నట్టే.

ప్రశ్న (కరీంనగర్): లేత రంగు సీట్లకు జీన్స్ నీలం అంటింది. వాహన పూజ రోజు పసుపు కూడా పడింది.

జవాబు: నీలం ఎంత తాజాగా ఉంటే అంత తేలిక, వారంలోపు క్లీనర్ నురగతో వస్తుంది. నెలలు గడిస్తే రంగు పూతలోకే దిగుతుంది, అప్పుడు పైన రంగు వేయించడం తప్ప దారి లేదు. పసుపు, కుంకుమ పొడిగా ఉండగానే బ్రష్‌తో దులపాలి, తడి గుడ్డ పెడితే పాకుతుంది. ఎంతో కొంత పసుపు మిగిలితే కంగారొద్దు, వెలుతురుకు దానంతటదే వెలిసిపోతుంది. కుంకుమ అలా పోదు.

ప్రశ్న (నెల్లూరు): ఇవన్నీ ఎందుకని పైన కవర్లు కుట్టిద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: ముందు సీటు వీపు పక్కన 'ఎయిర్‌బ్యాగ్' చీటీ ఉందేమో చూడండి. ఉంటే మామూలు కవర్ ఆ బ్యాగును బయటికి రానివ్వకుండా అడ్డుకుంటుంది. అటువైపు తేలిగ్గా తెగే కుట్టు వేసిన, మీ మోడల్‌కే చేసిన కవరైతేనే తీసుకోండి. గాలి వచ్చే సీట్లకు ఏ కవరూ వద్దు. ఎండలో నిలిపినప్పుడు ముందు అద్దానికి అడ్డు పెట్టుకోండి. తల ఆనే చోట ఉతికిన చిన్న తువ్వాలు వేయండి. పిల్లల సీటు కింద పలుచని మ్యాట్ పరవండి. మీకు కవరు అవసరం రాకపోవచ్చు.