టెక్ సందేహాలు: సర్వర్‌లో సరే, ల్యాప్‌టాప్‌లో ఐదున్నర గంటల తేడా

ప్రశ్న: లాగిన్ టోకెన్ తయారుచేసే పైథాన్ ఫంక్షన్‌ను ఏఐతో రాయించాను. టోకెన్ గడువు గంట. సర్వర్‌లో చక్కగా నడుస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం లాగిన్ అయిన మరుక్షణమే ‘గడువు ముగిసింది’ అంటోంది. మళ్లీ ఏఐనే అడిగితే మూడుసార్లు మూడు కారణాలు చెప్పింది. - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన కోడ్‌లో ‘యూటీసీనౌ’, దాని వెనకే సమయాన్ని సెకన్ల లెక్కగా మార్చే ‘టైమ్‌స్టాంప్’ ఉన్నాయి. దొంగ దొరికాడు. యూటీసీనౌ ఇచ్చేది యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక) సమయమే గానీ, అది ఏ టైమ్‌జోన్‌దో చెప్పే చీటీ దానికి అంటించి ఉండదు. చీటీ లేని సమయం చేతికొస్తే టైమ్‌స్టాంప్ దాన్ని మెషీన్ ఉన్నచోటి సమయమే అనుకుంటుంది. మన గడియారంలో మధ్యాహ్నం 3:30 అయిందనుకోండి. యూటీసీనౌ 10:00 అంటుంది. టైమ్‌స్టాంప్ దాన్ని మన ఉదయం పదిగా లెక్కేస్తుంది. అంటే 19,800 సెకన్లు వెనక్కి పోయినట్టు. దానికి మీరు గంట, అంటే 3,600 సెకన్లు కలిపారు. టోకెన్ పుట్టేసరికే దాని గడువు తీరి నాలుగున్నర గంటలైంది! సర్వర్ గడియారం యూటీసీలోనే ఉంటే అక్కడ ఈ తేడా సున్నా. టెస్టులు కూడా యూటీసీ మెషీన్ మీదే నడుస్తుంటే అక్కడా అంతా పచ్చగానే కనిపిస్తుంది.

యూటీసీనౌ తీసేసి, ‘డేట్‌టైమ్ నౌ’కి ‘టైమ్‌జోన్ యూటీసీ’ని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. సెకన్లు మాత్రమే కావాలంటే టైమ్ మాడ్యూల్‌లోని ‘టైమ్’ ఫంక్షన్ చాలు. అయితే ఒక్కచోట మార్చి ఊరుకోకండి. చీటీ ఉన్న సమయంలోంచి చీటీ లేనిదాన్ని తీసేస్తే పైథాన్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది. అది మంచిదే, తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ప్రమాదమంతా రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చినచోట ఉంది. అక్కడ ఎర్రరేమీ రాదు, ‘ఫాల్స్’ అని చెప్పి ఊరుకుంటుంది. ప్రాజెక్టు మొత్తం వెతికి అన్నీ ఒకేసారి మార్చండి. మార్చాక, మెషీన్ టైమ్‌జోన్ ఏదో చెప్పే టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ‘ఏషియా/కోల్‌కతా’ అని పెట్టి ఒకసారి, యూటీసీ అని పెట్టి ఒకసారి టెస్టులు నడపండి.

ఏఐ ఇలా ఎందుకు రాసిందంటే, ఏళ్ల తరబడి జనం రాసిందే అది చదువుకుంది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో యూటీసీనౌని డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. కానీ ఆ హెచ్చరిక మామూలుగా నడిపేటప్పుడు చాలాసార్లు కంటపడదు. టెస్టులు నడిపే పైటెస్ట్‌ను డెప్రికేషన్ వార్నింగ్‌లన్నీ ఎర్రర్లుగా మారేలా, మైనస్ డబ్ల్యూ ఆప్షన్‌తో నడపండి. 3.12 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఇలాంటి పాత వాసనలు అక్కడే పట్టుబడతాయి.

ప్రశ్న: టెస్టులు కూడా ఏఐతోనే రాయిస్తున్నాను. నలభై టెస్టులూ పాసయ్యాయి. నమ్మొచ్చా? - ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: కోడ్ ముందు పెట్టి టెస్టులు రాయమంటే, ఆ కోడ్ ఏం చేస్తోందో అదే రైటని రాసిచ్చేస్తుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. ఏది రైటో చెప్పే రిక్వైర్‌మెంట్ మాత్రమే ఇచ్చి, కోడ్ చూపించకుండా రాయించండి. తర్వాత కోడ్‌ను కావాలనే చెడగొట్టండి. రూ.500, ఆపైన కొంటే డెలివరీ ఉచితం అనుకుందాం. ‘500 లేదా అంతకంటే ఎక్కువ’ అన్నచోట ‘500 కంటే ఎక్కువ’ అని మార్చండి. నలభై టెస్టులూ ఇంకా పాసవుతుంటే, సరిగ్గా 500 దగ్గర ఏమవుతుందో ఒక్కటీ చూడట్లేదన్నమాట. చేత్తో పదిచోట్ల ఇలా చేస్తే టెస్టుల బండారం బయటపడుతుంది. పెద్ద ప్రాజెక్టయితే ఈ పని చేసిపెట్టే టూల్సున్నాయి: పైథాన్‌కి మ్యూట్‌మట్, జావాకి పిట్, జావాస్క్రిప్ట్‌కి స్ట్రైకర్.

ప్రశ్న: ఆఫీసు కోడ్ బయటి ఏఐకి పంపకూడదన్నారు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సొంతంగా నడపొచ్చా? - ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నడపొచ్చు. ముందు ఆఫీసులో అనుమతి తీసుకోండి. ఏఐ మోడళ్లను సొంత మెషీన్‌లో నడిపే ఒల్లామా వేసుకుని, క్వెన్ 2.5 కోడర్ 7బి అనే మోడల్ దించుకోండి. 4 బిట్లకు కుదించిన రూపంలో 4.7 జీబీ ఉంటుంది. 16 బిట్లలోనైతే 15 జీబీ, మీ ర్యామ్‌లో ఊపిరాడదు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే జవాబు నత్తనడకన వస్తుంది.

చాలామంది తడబడేది కాంటెక్స్ట్ సైజు దగ్గర, అంటే మోడల్ ఒకేసారి ఎంత చూడగలదన్న దగ్గర. పెద్ద ఫైలు ఇచ్చి అడిగితే పైభాగం అసలు చూడనట్టే మాట్లాడుతుంది. మోడల్ తెలివితక్కువదని తిట్టుకుంటాం. నిజానికి డిఫాల్ట్ కాంటెక్స్ట్ చిన్నది, పట్టనిదాన్ని చెప్పాపెట్టకుండా కత్తిరిస్తుంది. ‘నమ్ సీటీఎక్స్’ అనే సెట్టింగ్‌ను 8192కి పెంచి చూడండి. ర్యామ్ ఆ మేరకు ఎక్కువ తింటుంది, బ్రౌజర్ ట్యాబులు కొన్ని మూసేయండి. ఇంకోటి, ఒల్లామా 11434 పోర్టులో మీ మెషీన్‌కే పరిమితమై ఉంటుంది. ఎక్కడో చదివి హోస్ట్‌ను 0.0.0.0గా మార్చకండి. దానికి పాస్‌వర్డ్ లేదు, హాస్టల్ వైఫైలో ఉన్నవాళ్లందరికీ తలుపు తీసినట్టే.

ప్రశ్న: ఏఐ వచ్చాక పని హాయిగా ఉంది. నిజంగా వేగం పెరిగిందా, లేక అలా అనిపిస్తోందా? - ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: ఈ అనుమానం ఉండటం మంచిదే. మీటర్ (METR) అనే సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం వెలువరించింది. తమ ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు బాగా తెలిసిన 16 మంది డెవలపర్లకు 246 పనులు. పని పూర్తయ్యాక, ఏఐ వల్ల తమ వేగం 20 శాతం పెరిగిందనుకున్నారు. లెక్క చూస్తే ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. దీన్ని అందరికీ అంటగట్టలేం. కొత్త కోడ్‌బేస్‌లో కథ వేరుగా ఉండొచ్చు. మీ సంగతి మీరే తేల్చుకోండి: ఒక నెలపాటు ప్రతి టికెట్‌కీ (మీకు అప్పగించిన పనికీ) బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడితేనే ఏఐ వాడండి. మొదలుపెట్టినప్పటి నుంచి మెర్జ్ అయ్యేదాకా (అసలు కోడ్‌లో కలిసేదాకా) పట్టిన నిమిషాలు రాసుకోండి, రివ్యూలో దిద్దినవీ కలిపి.

జవాబు తప్పో ఒప్పో నిమిషంలో తేలిపోయే పనుల్లోనైతే ఏఐతో హాయి నిజమే. బగ్ ఏ మార్పుతో వచ్చిందో సగం సగం చేసి వెతికే గిట్ బైసెక్ట్‌కి స్క్రిప్ట్ రాయించడం చూడండి. వెయ్యి కమిట్లలో (సేవ్ చేసిన కోడ్ మార్పుల్లో) బగ్ ఎక్కడ దూరిందో దాదాపు పది ప్రయత్నాల్లో దొరుకుతుంది. ఆ స్క్రిప్ట్‌ను రిపోజిటరీ బయట పెట్టుకోండి, లేదంటే పాత కమిట్లలోకి వెళ్లినప్పుడు మాయమైపోవచ్చు. బాగుంటే 0, బగ్ ఉంటే 1, బిల్డ్ కాకపోతే ‘ఈ కమిట్‌ను దాటెయ్’ అని చెప్పే 125తో బయటికి రావాలని విడమరిచి చెప్పండి. ఆ 125 మర్చిపోతే, ఎవరో సెమీకోలన్ వదిలేసిన కమిట్ మీద మీ బగ్ నేరం పడుతుంది.