పామ్ ఎమ్యులేటర్‌ని పీసీతో హాట్‌సింక్ చేయడానికి కేబుల్ కొనాలా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో నల్-మోడెమ్ కేబుల్ (రెండు సీరియల్ పోర్టుల్ని నేరుగా కలిపేది) దొరుకుతుందా, దాంతో పామ్ ఓఎస్ ఎమ్యులేటర్‌ని (పాత పామ్ హ్యాండ్‌హెల్డ్‌ని పీసీ తెర మీద అనుకరించే ప్రోగ్రాము) విండోస్‌లోని పామ్ డెస్క్‌టాప్‌తో (పామ్ ఎంట్రీల్ని పీసీలో ఉంచే ప్రోగ్రాము) కలపొచ్చా అని అడిగారు. ఈ రెండింటి డేటాని ఒకేలా చేయడమే హాట్‌సింక్. వెతికితే దొరుకుతుంది కానీ కొనకండి. సీరియల్ దారిలో ఎమ్యులేటర్‌కి ఒక కామ్ పోర్టు (సీరియల్ పోర్టు), పీసీ వైపు సింక్ నడిపే హాట్‌సింక్ మేనేజర్‌కి ఇంకొకటి కావాలి. అంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌కి రెండు యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్లు, మధ్యలో ఆ కేబుల్. ఒకే మెషీన్‌లో ఉన్న రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి ఇంత తంతు దేనికండీ?

నెట్‌వర్క్ హాట్‌సింక్ పెట్టుకోండి. రోమ్ ఫైలు (ఎమ్యులేటర్ నడిపే పామ్ ఓఎస్ కాపీ) పామ్ ఓఎస్ 3.3 లేదా ఆ పైది అయితే అది అందులోనే ఉంటుంది. ఎమ్యులేటర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రిఫరెన్సెస్‌లో ‘రీడైరెక్ట్ నెట్‌లిబ్ కాల్స్’ టిక్ పెట్టండి. అక్కడే హాట్‌సింక్ యూజర్ నేమ్ గడి ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పామ్ డెస్క్‌టాప్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. పీసీ వైపు హాట్‌సింక్ మేనేజర్‌లో నెట్‌వర్క్ ఎంచుకుని, సెటప్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ పేరు పక్కన టిక్ ఉందో లేదో చూడండి. తర్వాత ఎమ్యులేటర్‌లో హాట్‌సింక్ తెరిచి, ఆప్షన్స్‌లో మోడెమ్ సింక్ ప్రిఫ్స్‌ని నెట్‌వర్క్‌కి, లాన్‌సింక్ ప్రిఫ్స్‌ని లాన్‌సింక్‌కి మార్చండి. ప్రైమరీ పీసీ సెటప్‌లో అడ్రస్ 127.0.0.1, అంటే ఇదే మెషీన్. ఇక నొక్కాల్సింది లోకల్ సింక్ కాదు, మోడెమ్ సింక్.

పామ్ డెస్క్‌టాప్‌ని వర్చువల్ మెషీన్‌లోని ఎక్స్‌పీలో పెట్టి, ఎమ్యులేటర్‌ని బయట నడిపితే ఈ 127.0.0.1 నేరుగా పనిచేయదు, అది బయటి మెషీన్‌నే చూపిస్తుంది. వర్చువల్ మెషీన్ నాట్ (NAT)లో, అంటే బయటి మెషీన్ అడ్రస్ వెనకే ఉంటే టీసీపీ 14238, యూడీపీ 14237 పోర్టుల్ని లోపలికి ఫార్వర్డ్ చేయండి. రెండు వేర్వేరు ల్యాప్‌టాప్‌లైతే ఫైర్‌వాల్‌లో ఇవే తెరవాలి. మారతహళ్లి పీజీల వైఫైలో మాత్రం అన్నీ తెరిచినా కనెక్ట్ కాకపోవచ్చు. ఒక గదిలో ఉన్న రెండు మెషీన్లను ఒకదానికొకటి కనబడనివ్వని సెట్టింగ్ కొన్ని రౌటర్లలో ఉంటుంది. పీజీ ఓనర్ని అడిగితే ‘నెట్ వస్తోంది కదా’ అంటాడు! ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి చూడండి. ఈ సంగతి చెప్పకుండా ‘రీఇన్‌స్టాల్ చేయండి’ అని సలహా ఇచ్చేవాళ్లని ఏమనాలో!

సింక్ కాగానే ఎమ్యులేటర్ సెషన్ సేవ్ చేయండి. పాత సెషన్ తెరిచి మళ్లీ సింక్ చేస్తే, పోయినసారి పీసీ నుంచి వెళ్లిన ఎంట్రీలు తిరిగి రావు, ఎందుకంటే పీసీ లెక్కలో అవి ఎప్పుడో చేరిపోయాయి. అప్పుడు హాట్‌సింక్ మేనేజర్‌లో కస్టమ్‌కి వెళ్లి, ఒక్కో కాండ్యూట్‌కి (ఒక్కో రకం డేటాని సింక్ చేసే భాగానికి) ‘డెస్క్‌టాప్ ఓవర్‌రైట్స్ హ్యాండ్‌హెల్డ్’ పెట్టి ఒకసారి సింక్ చేయాలి. ఎమ్యులేటర్‌లో కొత్తగా రాసుకున్నవి దాంతో చెరిగిపోతాయి కాబట్టి వాటిని ముందే వేరేచోట రాసిపెట్టుకోండి.