హీరోలు ముగ్గురు మారారు, సర్వం మాత్రం ఒక్కడే

ప్రశ్న: రాత్రి అన్నాలు తిన్నాక మా అత్త, నేను, పిల్లోళ్లు కూర్చోని యూట్యూబ్‌లో పాత కామెడీ సీరియల్ ‘అమృతం’ పెట్టుకుంటాం. అప్పాజీ వచ్చాడంటే మా అత్త కళ్లజోడు సర్దుకుంటది, హోటల్ సర్వర్ సర్వం వస్తే పిల్లోళ్లు పడీ పడీ నవ్వుతారు, తెల్లారేసరికి కథ ఏందో మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఈ చిన్న వేషాలకి ఇంత గిరాకీ ఏందండీ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ అత్తగారికి మంచి టేస్టు ఉందమ్మా. ‘అమృతం’ 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా నడిచింది, అందులో అమృతరావు వేషం ముందు శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు, అంటే టైటిల్ పాత్రకే ముగ్గురు మారినా జనం చూడటం మానలేదు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారు, ఇంటి ఓనర్ అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి ఎక్కడికీ పోలేదు కాబట్టి.

హీరో కథ మొయ్యాలి. తప్పు చెయ్యాలి, దెబ్బ తినాలి, చివరికి భార్యతో రాజీ పడాలి. పక్కనోడికి ఆ బరువు లేదు, పోయిన వారం ఎట్ట ఉన్నాడో ఈ వారమూ అట్టే ఉంటాడు, మనం ఎదురుచూసేది దానికోసమే.

ఇది టీవీతో వచ్చింది కూడా కాదు. మన నెల్లూరు వైపు తోలుబొమ్మలాట చూసిన పెద్దోళ్లని అడగండి, రామాయణం అందరికీ తెలిసిందే, తెల్లార్లూ జనాన్ని లేవనీకుండా కూర్చోబెట్టింది మధ్యమధ్యలో వచ్చి నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. రాముడి బొమ్మ ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషిని ఒక మాట అనలేదు, కేతిగాడు అనగలడు, ఆ పెద్దమనిషీ నవ్వాల్సిందే. ఆ స్వేచ్ఛ నాకు చాలా ఇష్టం.

ప్రశ్న: ఫ్రెండ్స్ అందరం కలిసి యూట్యూబ్‌కి చిన్న సిరీస్ తీస్తుండాం. అందులో టీ కొట్టు బాబాయి పాత్ర బాగా పేలింది, ఇప్పుడు అందరూ ఆయన్నే హీరోని చెయ్యమంటుండారు. చెయ్యొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: తొందరపడొద్దు తమ్ముడూ. అమెరికా సిరీస్ ‘ఫ్రెండ్స్’లో ఆరుగురిలో ఒకడిగా ఉన్నంతకాలం జోయీ అంటే జనం ప్రాణం పెట్టారు, అది 2004లో అయిపోగానే అతన్నే హీరోగా పెట్టి ‘జోయీ’ తీస్తే రెండు సీజన్లకే ఆగిపోయింది. అట్టని అసలు కుదరదని చెప్పను, బార్‌లో నడిచే ఇంకో అమెరికా సిరీస్ ‘చీర్స్’లో అక్కడికి వచ్చే సైకియాట్రిస్టు ఫ్రేజర్‌తో 1993లో వేరే సిరీస్ మొదలుపెడితే 11 సీజన్లు నడిచింది. నేను చూసినంతలో తేడా ఎక్కడంటే, ఫ్రేజర్‌కి తనకంటే ఎక్కువ చాదస్తం ఉన్న తమ్ముడు నైల్స్‌ని ఇచ్చారు, మొహం మీదే మాట్లాడే రిటైర్డ్ పోలీసు నాన్నని ఇచ్చారు, దాంతో బార్‌లో వింతగా కనిపించిన మనిషే ఇక్కడ మధ్యలో నిలబడి ఇద్దరినీ మోసుకురాగలిగాడు. మీ బాబాయిని ముందుకి తేవాలంటే ఆయన్ని విసిగించే మనుషుల్ని ముందు రాసుకోండి, లేకపోతే కొట్టు దగ్గరే ఉంచండి.

ఇంకోటి గట్టిగా చెప్తా. నత్తి, నలుపు, లావు ఇవి పెట్టి క్యారెక్టర్ అనుకోవద్దు, మన టీవీలో అది చాలా చూశాం, బాధగా ఉంటది. బాబాయికి నిజంగా కావాల్సింది ఒకటి పెట్టండి, అది చిన్నదైనా పర్లేదు, ఉదాహరణకి తన కొట్టు ముందు ఎవురూ బండి పెట్టకూడదు, అంతే. దానికోసం ప్రాణం మీదికొచ్చినట్టు కొట్లాడనీయండి, నవ్వు దానంతట అదే వస్తది.

ప్రశ్న: స్కూల్లో హరిశ్చంద్ర నాటకంలో మా పాపకి నక్షత్రకుడి వేషం ఇచ్చారు, చంద్రమతి ఇవ్వలేదని ఏడుస్తావుంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, పొదిలి

జవాబు: అసలు మంచి వేషం అదేనని చెప్పండమ్మా, విశ్వామిత్రుడి బాకీ కోసం హరిశ్చంద్రుణ్ణి అడుగడుగునా పీక్కుతినేది వాడే, వాడు రాగానే జనం నిటారుగా కూర్చుంటారు. నవ్వించాలని మొహం వంకర్లు తిప్పొద్దని, ఆ డబ్బులు నిజంగానే వసూలు కావాలన్నట్టు అడగమని చెప్పండి. చంద్రమతి ఏడిచేటప్పుడు మాత్రం కదలకుండా నిలబడాలి.