డైలాగ్ బాక్సులు పెట్టబోయే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ స్క్రిప్టు అందింది. గ్రంథాలయంలో స్కాన్ చేసిన పేజీలను బయటి డిస్కుకు చేర్చి, పాతవాటిని తీసేసే పని చక్కగానే చేస్తోంది. టెర్మినల్ అంటే బెదిరే గ్రంథపాలకురాలు కూడా దాన్ని వాడుకునేలా జెనిటీతో డైలాగ్ బాక్సులు పెడతానన్నావు. తప్పకుండా పెట్టు. లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ వారి ఈ సాధనంతో ఒక్క వరుసలో ప్రశ్న అడగవచ్చు, ఫోల్డరు ఎంపిక చేయించవచ్చు. బాక్సు తెరమీదికి తేవడం సులువే. ఆవిడ ఇచ్చిన జవాబును స్క్రిప్టు వినేలా చేయడం దగ్గరే నువ్వు తొందరపడ్డావు.

జెనిటీ జవాబు రెండు దారుల్లో వస్తుంది. ఎంచుకున్న ఫోల్డరు పేరు, కమాండు మామూలుగా జవాబు రాసే స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వస్తుంది. ఏ బటన్ నొక్కారన్నది, ముగిసేటప్పుడు కమాండు ఇచ్చే అంకె, అంటే ఎగ్జిట్ కోడ్ చెబుతుంది: సరే అంటే 0, రద్దు చేసినా విండో మూసేసినా 1, నువ్వు పెట్టిన గడువు దాటితే 5. నువ్వు ఫోల్డరు పేరు తీసుకుని కోడ్‌ను వదిలేశావు. ఆవిడ ఏమీ ఎంచుకోకుండా రద్దు నొక్కిందనుకో, ఆ పేరు దాచుకునే నీ వేరియబుల్ ఖాళీగా ఉంటుంది. దాని వెనక స్లాష్ (/), ‘అన్నీ’ అని అర్థమిచ్చే నక్షత్రం (*) చేర్చి, ఫైళ్ళు తొలగించే ఆర్‌ఎం కమాండుకు ఇస్తున్నావు కదా, ఇప్పుడు అక్కడ మిగిలేవి ఆ రెండే. అంటే మొత్తం సిస్టమ్‌ను మొదలంటా తుడిచేయమని చెప్పినట్టు. రూట్‌ను, అంటే అన్ని ఫోల్డర్లకూ మొదలైనదాన్ని, కాపాడే ఏర్పాటు ఆర్‌ఎంలో ఉంది గానీ, నక్షత్రం చేరితే అది అక్కరకు రాదు. సాధారణ యూజరుగా నడిపినా ఆవిడ హోమ్ ఫోల్డరు దక్కదు. వద్దు అన్న మనిషి ఫైళ్ళు పోవడం ఎంత అన్యాయమో ఆలోచించు.

అదే చోట ఇంకో మెలిక ఉంది. ఫంక్షన్‌లో వేరియబుల్‌ను లోకల్ అని ప్రకటిస్తూ అదే వరుసలో జెనిటీ జవాబు నింపుతున్నావు. అలా రాస్తే, స్క్రిప్టును నడిపే బాష్ చూపేది లోకల్ కమాండు కోడ్. జెనిటీ 1 ఇచ్చినా నీకు 0 కనిపిస్తుంది. ముందు ప్రకటించు, తర్వాతి వరుసలో నింపు, వెంటనే కోడ్ చూడు. అది సున్నా కాకపోయినా, వేరియబుల్ ఖాళీగా ఉన్నా అక్కడికక్కడే బయటికి వచ్చేయ్.

‘పని మొదలవుతోంది’, ‘కాపీ అయింది’ అని చెప్పే బాక్సులు తీసేయ్. ప్రతిదానికీ సరే నొక్కించుకుంటూ పోతే, అసలైన ప్రశ్న వచ్చేసరికి ఆవిడ చదవడం మానేస్తుంది. తొలగించే ముందు ఒక్కసారి అడుగు. ఏ ఫోల్డరులో ఎన్ని ఫైళ్ళు పోతాయో చెప్పి అడుగు. బటన్ల మీద అవును, కాదు అని కాకుండా ‘తొలగించు’, ‘ఉంచు’ అని రాయి. అలవాటుగా ఎంటర్ నొక్కితే ‘ఉంచు’ వైపే పోయేలా డిఫాల్ట్-క్యాన్సిల్ ఆప్షన్ పెట్టు. ఫైలు పేర్లు చూపించేటప్పుడు నో-మార్కప్ కూడా చేర్చు, లేకపోతే పేరులో ఆంపర్‌సాండ్ ఉన్న చోట సందేశం దెబ్బతింటుంది.

ప్రోగ్రెస్ బార్ బాగుంది. ఒక కమాండు రాసినదాన్ని ఇంకోదానికి చేర్చే పైపులో అంకె పంపితే బార్ జరుగుతుంది, హ్యాష్‌తో మొదలైన వరుస పంపితే పైన మాట మారుతుంది. అయితే రద్దు నొక్కగానే కాపీ ఆగిపోతుందనుకోకు. జెనిటీ ముగిశాక, మళ్ళీ పైపులోకి ఏదైనా రాయబోయినప్పుడే అవతలి పని తెగుతుంది. కాబట్టి కాపీ పూర్తయిందని విడిగా సరిచూసుకున్నాకే తొలగింపు వైపు వెళ్ళు.

నువ్వు ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరం నుంచి నడిపినప్పుడు జెనిటీకి తెర దొరకదు. డిస్‌ప్లే, వేలాండ్-డిస్‌ప్లే వేరియబుళ్ళు రెండూ ఖాళీగా ఉంటే, టెర్మినల్‌లోనే బాక్సులు చూపే విప్‌టెయిల్‌కు మళ్ళించు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ సెట్టింగుల మెనూ నడిచేది దానితోనే. కాకపోతే అది జవాబును స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపుతుంది, దారి మార్చుకోవాలి. జెనిటీలో తెలుగు ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుకుంటాయి గానీ చాలా టెర్మినళ్ళలో గళ్ళకు సరిపడక గీతలు చెదురుతాయి. ఆ దారిన వచ్చేది నువ్వే కాబట్టి అక్కడ ఇంగ్లీషు సందేశాలు చాలు.

ఇవన్నీ సరిచేసేదాకా స్క్రిప్టును గ్రంథాలయం కంప్యూటర్లో పెట్టకు. తర్వాత ఒక ఖాళీ యూజరు ఖాతాలో, ప్రతి బాక్సు దగ్గరా రద్దు నొక్కి చూసి, ఏం జరిగిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య