పాఠకుల ప్రశ్నలు: ఒకే రోజుకు రెండు తేదీలు

ప్రశ్న (గుంటూరు నుంచి): మొదటి చార్లెస్ రాజు తల తీసింది 1649 జనవరి 30న అని చదువుకున్నాం. ఆయన మరణశిక్ష ఉత్తర్వు ఫొటోలో మాత్రం 1648 అని ఉంది. మొదటి ఎలిజబెత్ చనిపోయిన ఏడు కూడా ఒకచోట 1602, మరోచోట 1603. ఇవి అచ్చుతప్పులా?

జవాబు: కావండీ. ఆ కాలంలో ఇంగ్లండులో సంవత్సరం అంకె మారేది మార్చి 25న, మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ నాడు. మనకిది మరీ కొత్త సంగతేమీ కాదు. జనవరిలో పుట్టిన బిడ్డ జాతకంలో పాత సంవత్సరం పేరే రాస్తాం, ఉగాది ఇంకా రాలేదు కాబట్టి. విడ్డూరమల్లా ఒకటే: అంకె మార్చిలో మారినా, రాణి కొలువులో కొత్త సంవత్సరపు కానుకలు ఇచ్చేది జనవరి 1నే.

మరణశిక్ష ఉత్తర్వు మీద ఉన్న తేదీ 1648 జనవరి 29. మర్నాడే శిక్ష అమలైంది. ఆ లెక్కలో 1648 గడవడానికి ఇంకా ఎనిమిది వారాలుంది. ఎలిజబెత్ రిచ్‌మండ్ భవనంలో కన్నుమూసింది మార్చి 24న, అంటే 1602కు సరిగ్గా ఆఖరి రోజున. ఆ కబురు పట్టుకుని గుర్రం మీద బయల్దేరిన రాబర్ట్ కేరీ ఎడిన్‌బరో చేరింది మార్చి 26 రాత్రి. ఇంగ్లండులో అప్పటికి 1603 వచ్చి రెండు రోజులు. స్కాట్లండు 1600 నుంచే జనవరి 1కి మారిపోయింది, కాబట్టి కబురు విన్న స్కాట్లండు రాజు జేమ్స్‌కు 1603 మొదలై మూడు నెలలు కావస్తోంది. ఆ తర్వాత రెండు రాజ్యాలకూ ఆయనే రాజు. ఏటా జనవరి నుంచి మార్చి 24 దాకా ఆయన ప్రజలు ఒకే రోజుకు రెండు సంవత్సరాలు వేసుకున్నారన్నమాట.

ఆనాటి ఇంగ్లండు కాగితం చేతికొస్తే ముందు నెల చూడండి. తేదీ జనవరి 1కీ మార్చి 24కీ మధ్య ఉంటే సంవత్సరానికి ఒకటి కలపాలి. లేకుంటే అంకెను ముట్టుకోవద్దు. ఇప్పటి చరిత్ర పుస్తకాల్లో చాలావరకు ఈ ఒకటి ముందే కలిపేసి ఉంటుంది. దానికి మళ్లీ కలిపితే రాజు 1650లో పోతాడు! '1648/9' అని గీత పెట్టి రాసినచోట ఏ చిక్కూ లేదు.

ఇది మన తీరానికీ తగిలే సంగతే. ఈస్టిండియా కంపెనీ పంపిన గ్లోబ్ అనే ఓడ 1611 మొదట్లో ఇంగ్లండు వదిలి, ఆగస్టులో నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. ఆనాటి లెక్కలో బయల్దేరిన ఏడు 1610. సవరించకుండా చదివితే ఏడాదిన్నర ప్రయాణంలా కనిపిస్తుంది. నిజానికి అందులో సగం కూడా కాదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): ఇంగ్లండు మీదికి స్పెయిన్ పంపిన యుద్ధనౌకల దండు స్పానిష్ ఆర్మడాను గ్రేవలీన్స్ దగ్గర దెబ్బతీసిన మర్నాడే ఎలిజబెత్ టిల్బరీలో సైనికులతో మాట్లాడిందని ఒక వ్యాసం, పదకొండు రోజుల తర్వాత అని ఇంకొకటి. ఏది నమ్మాలి?

జవాబు: పదకొండు రోజులే. మొదటి వ్యాసం రాసినవారు రెండు క్యాలెండర్లు కలిపేశారు. ఇది సంవత్సరం చిక్కు కాదు, రోజు చిక్కు. స్పెయిన్ 1582లో పోప్ గ్రెగరీ సవరించిన క్యాలెండర్‌కు మారింది. అక్టోబరు 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది. ఇంగ్లండు 1752 దాకా పాతదాన్నే పట్టుకుంది. ఆర్మడా కాలానికి తేడా 10 రోజులు. గ్రేవలీన్స్ పోరు ఇంగ్లండులో 1588 జులై 29, స్పెయిన్‌లో ఆగస్టు 8. టిల్బరీ ప్రసంగం ఇంగ్లండులో ఆగస్టు 9, స్పెయిన్ లెక్కలో 19. పోరుకు స్పెయిన్ తేదీ, ప్రసంగానికి ఇంగ్లండు తేదీ తీసుకుంటే మర్నాడే అయినట్టు తేలుతుంది.

ఆ పదకొండు రోజుల్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాణి మాట్లాడేనాటికి ఆర్మడా ఉత్తర సముద్రంలోకి తరిమివేయబడింది. అయినా ఫ్లాండర్స్‌లో ఉన్న స్పెయిన్ సేనాని పార్మా ప్రభువు సేన దాటి వస్తుందేమోనన్న భయం ఒడ్డున ఇంకా పోలేదు. తేదీలు కలగలిస్తే ఆ సందర్భమే మారిపోతుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి): పేదల పోషణ చట్టాన్ని '43 ఎలిజబెత్, 2' అంటారు. అంటే ఏ సంవత్సరం?

జవాబు: రాణి ఏలుబడిలో 43వ ఏట కూడిన పార్లమెంటు చేసిన చట్టాల్లో రెండోది. ఆమె సింహాసనమెక్కింది 1558 నవంబరు 17న, కాబట్టి ఏలుబడి ఏడు ఆ రోజునే మారుతుంది. ఏలుబడి అంకెకు 1557 కలిపితే ఆ ఏడు మొదలైన సంవత్సరం వస్తుంది. నవంబరు 17 నుంచి డిసెంబరు 31 దాకా అదే వాడాలి. జనవరి నుంచి నవంబరు 16 దాకానైతే 1558 కలపాలి. ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చిన 1600 డిసెంబరు 31 కూడా 43వ ఏటిదే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ పార్లమెంటు కూడింది 1601 అక్టోబరు 27న, ముగిసింది డిసెంబరు 19న. నడుమ 44వ ఏడు వచ్చేసింది. చట్టానికి రాణి ఆమోదం దొరికింది చివర్లోనే. కానీ ఆనాటి రివాజు ప్రకారం చట్టం సమావేశాల మొదటి రోజు నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. అందుకే 43.

ప్రశ్న (ఖమ్మం నుంచి): ఎలిజబెత్ కాలంలో ప్రభుత్వ ప్రొటెస్టెంట్ చర్చికి రాని కేథలిక్కులు కట్టిన జరిమానా ఒకచోట 12 పెన్నీలు, మరోచోట 20 పౌండ్లు. ఇంత తేడా ఏమిటి?

జవాబు: రెండు వేర్వేరు చట్టాలు. 1559 నాటిది ఆదివారానికి 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగు. ఏడాదంతా వెళ్లకున్నా ఆదివారాలకు 52 షిల్లింగులు. పౌండుకు 20 షిల్లింగులు లెక్కేస్తే 2 పౌండ్ల 12 షిల్లింగులు. 1581లో నెలకు 20 పౌండ్లు చేశారు. ఇక్కడ నెలంటే 28 రోజులు, కాబట్టి ఏడాదికి 13 నెలలు, 260 పౌండ్లు. పన్నెండుతో గుణించి 240 అని రాసేవారు ఇక్కడే పొరబడతారు. అంత సొమ్ము కట్టగలిగినవాళ్లు బహు కొద్దిమంది. కట్టలేనివారి భూముల్లో మూడింట రెండు వంతులు పట్టుకునే అధికారం 1587లో వచ్చింది. పార్లమెంటును పేల్చేయాలని కొందరు కేథలిక్కులు పన్నిన గన్‌పౌడర్ కుట్ర బయటపడ్డాక, 1606లో చేసిన చట్టంతో, 20 పౌండ్లు కడతామన్నవారి దగ్గరా డబ్బు కాదని భూమే తీసుకునే వీలు రాజుకు దక్కింది.